మేకల పద్దులో కుక్క

“ఈ కుక్క ఇక నీదే, ఇంటికి తీసుకుపో. నాకు మేకల దగ్గర ఉండే కుక్క కావాలి” అని మా పెద్ద కాపరి దొడ్డి తలుపు దగ్గర నాతో అన్నప్పుడు, నా చేతిలోని లెక్కల పుస్తకంలో రెండు మేకపిల్లలు తక్కువ వచ్చి ఉన్నాయి, ఆ కుక్క మాత్రం నా మోకాలికి ఒరుసుకుంటూ తోక ఆడిస్తోంది. నేను నమీబియాకు వచ్చిన ఈ మూడేళ్ళలో ఆయన నాపై గొంతు పెంచింది లేదు. ఆ రోజూ పెంచలేదు. ఇక్కడ పెద్దవారిని ‘తాతే’ అంటారు, తండ్రి అని అర్థం. నా నోట అది ‘తాతా’ అనే వస్తుంది, ఆయనా పలుకుతారు. తాత చేత మాట పడితే ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు.

ఓచివారోంగో పట్టణానికి దూరంగా ఉన్న ఒక పశువుల ఫారంలో జమాఖర్చులు, పశువుల మందుల నిల్వ చూడడం నా ఉద్యోగం. ఆ కుక్క కంగాల్ జాతిది. టర్కీలో గొర్రెల మందలను తోడేళ్ళ నుంచి కాచే ఈ జాతి వంటి కుక్కలను, 1990లో లారీ మార్కర్ స్థాపించిన, ఇదే ప్రాంతంలో ఉన్న చీతా కన్సర్వేషన్ ఫండ్ అనే చీతాల సంరక్షణ సంస్థ 1994 నుంచి రైతులకు ఇస్తూ వస్తోంది. మా ఫారంకు అది రెండు నెలల పిల్లగా వచ్చింది. అప్పుడు చలికాలం, ఇక్కడ జూలై రాత్రులలో తొట్టిలోని నీటిపై పలుచని మంచు పొర కడుతుంది. అటువంటి రాత్రి దొడ్డిలో మేకల మధ్య మూలుగుతున్న పిల్లను వరండాలోకి తెచ్చి, గోనెసంచి పరచి, నా అన్నంలో పాలు కలిపి పెట్టాను. ఒక్క రాత్రి కాదు, ఏడెనిమిది రాత్రులు. ఈ పని చేసినందుకు తప్పుపట్టే మనిషి ఒకరుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. గడప దగ్గరికి వచ్చిన కుక్కకు ముద్ద వేయని ఇంట్లో పుట్టినవాడిని కాను.

నా మొండితనం గురించి కూడా చెప్పాలి. మన గొల్లల వెంట కుక్కలు ఉండవా, అవి మందలను కాయవా అని తాత చేత మాట పడిన ఆ రాత్రంతా నాలో నేనే వాదించుకున్నాను. ఉంటాయి, కాస్తాయి. కానీ మన కుక్క గొల్లవాని వెంట నడుస్తుంది, అతని కేక వింటుంది, అతను తిన్నాకే తింటుంది. దాని విశ్వాసమంతా మనిషి మీద. ఇక్కడి పద్ధతి వేరు. కళ్ళు తెరిచిన కొద్ది వారాలకే పిల్లను మేకల మధ్య వదులుతారు. అది మేకల వాసనలో పెరుగుతుంది, మేకపిల్లల పక్కన ముడుచుకుని పడుకుంటుంది, తొట్టి దగ్గర ముసలి మేక కొమ్ముతో తోస్తే తోక ముడిచి పక్కకు జరుగుతుంది. మనుషులు తిండి పెడతారు, ఒళ్ళు తడిమి పిడుదులు ఏరుతారు, అంతే. పెద్దదయ్యాక అది మందను అదిలించదు, తోలదు. మందలో ఒకటిగా మేస్తున్నట్టే తిరుగుతూ, ఏదైనా దగ్గరికి వస్తే మధ్యలో నిలబడి మొరుగుతుంది. మొదట్లో దాని దాణా ఖర్చును నేను ‘ఇతరములు’ కింద రాస్తే, మా యజమాని కొట్టేసి ‘మేకలు’ అని దిద్దారు. హాస్యానికి అలా చేశారనుకున్నాను.

ఇంత చేసి కాపాడేది మేకలనే కాదు. నమీబియాలో చీతాలలో అత్యధిక భాగం అభయారణ్యాలలో కాక రైతుల భూములలోనే బతుకుతాయి, ఎందుకంటే సింహాలు, హైనాలు ఉన్నచోట అవి పట్టిన వేట వాటికి దక్కదు. రైతు భూమిలో సింహం లేదు, తుపాకి ఉంది. 1980లలో ఇక్కడి రైతులు వేల చీతాలను చంపారు, పట్టి తరలించారు. చట్టం ఈనాటికీ మందను కాపాడుకోవడానికి చీతాను చంపనిస్తుంది. అందుకే మేక పోకుండా చూస్తే చాలు, తుపాకి గోడకే ఉంటుందన్నది ఈ కుక్కల వెనుక ఉన్న లెక్క. అది పని చేయడానికి కారణం చీతా స్వభావమే. పరుగు తప్ప దానికి వేరే ఆస్తి లేదు. కాలికి గాయమైతే పస్తులే. కనుక అరవై కిలోల కుక్క ఎదురుగా నిలబడి మొరిగితే, పోట్లాడకుండా వెళ్ళిపోతుంది. కుక్కలు వచ్చాక నష్టం 80 శాతానికి పైగా తగ్గిందని చెప్పే రైతులు చాలామంది ఉన్నారు. ఈ కుక్కలు అప్పుడప్పుడు నక్కలను, జింకలను తరిమి చంపుతాయన్నది కూడా నిజమే. ఆ మాట ఇక్కడ కొంచెం మెల్లగా చెబుతారు.

చీతా వేటాడేది పగటిపూట. మా కుక్క మందను వదిలి వచ్చేదీ పగటిపూటే. వరండా అలవాటు దానికి పోలేదు. ఫిబ్రవరి ఎండలో మధ్యాహ్నం కాగానే మైళ్ళు నడిచి వచ్చి నా ఆఫీసు కిటికీ కింద పడుకునేది. నేను నీళ్ళు పెట్టి, చెవుల వెనుక గోకి, ఎవరికీ చెప్పేవాడిని కాదు. నిజం చెప్పాలంటే, రోజంతా నా భాష వినబడని చోట నా కోసం నడిచి వచ్చే ప్రాణి ఒకటి ఉండడం నాకు గర్వంగా ఉండేది.

మాట పడిన మర్నాడు తాత నన్ను మేకపిల్లలు పోయిన చోటికి తీసుకువెళ్ళారు. ఇసుకలో ఒక అడుగుజాడ పక్కన కర్రపుల్ల గుచ్చి చూపించారు: వేళ్ళ ముందు నాలుగు గోళ్ళ గుర్తులు. చిరుతపులి గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, గుర్తు పడదు. చీతా గోళ్ళు పూర్తిగా ముడుచుకోవు. 2022లో ఇక్కడి నుంచి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి పంపినప్పుడు ఇంటి నుంచి ఫోన్ చేసిన ప్రతివారూ “మీ చిరుతలు వచ్చాయట” అన్నారు, నేనూ అవుననే అన్నాను. ఆ రెంటికీ తేడాను నేను చూసింది ఆ ఇసుకలోనే.

యజమాని కొట్టంలోంచి బోను బయటకు తీయించారు. చీతాలు తరచూ వచ్చి గుర్తు వదిలివెళ్ళే చెట్టు చుట్టూ ముళ్ళకంచె వేసి, ఉన్న ఒక్క దారిలో బోను పెడతారు. ఆకలి లేకపోయినా, ఆ చెట్టు కోసమే చీతా బోనులోకి నడుస్తుంది. తాత యజమాని దగ్గర నా ఊసు ఎత్తలేదు. “కుక్క ఇంకా కుర్రది, రెండు వారాలు ఆగండి” అని మాత్రం అన్నారు. నాకు ఆయన తిట్టిన తిట్టు కంటే ఈ మాటే ఎక్కువ రోజులు గుచ్చుకుంది.

కుక్క మెడకు గుదికర్ర కట్టారు, దూరం నడవకుండా. అది వస్తే పిలవకు, తిట్టకు, అసలు చూడకు అని తాత నాకు చెప్పారు. మొదటి వారం అది కర్ర ఈడ్చుకుంటూనే రెండుసార్లు వచ్చింది. కిటికీ కింద ఆ కర్ర నేలకు తగిలే చప్పుడు వింటూ నేను అంకెలు కూడుతూ కూర్చున్నాను, కూడినదే మళ్ళీ కూడాను. మూడోసారి రాలేదు. బోను ఇప్పటికి కొట్టం బయటే ఉంది, దాని ఊచలకు మేకలు వీపులు రుద్దుకుంటున్నాయి. సాయంత్రం లెక్క పెట్టేటప్పుడు కుక్క మంద మధ్యలో నడిచి వచ్చి, నా చేతిని ఒకసారి వాసన చూసి, దొడ్డిలోకి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నాలు నా కిటికీకి తెర వేసే ఉంటుంది.