బొంతకు ఎన్ని ముక్కలు?

ఈ చలికాలం అమ్మ పాత నూలు చీరలు, నాన్న లుంగీలు కలిపి బొంత కుడదామని హనుమకొండలో ఇంట్లో కూర్చున్న. పొడవు 90 అంగుళాలు, వెడల్పు 60. ఐదంగుళాల చదరం ముక్కలు. అడ్డం 12, నిలువు 18, మొత్తం 216 అని లెక్కేసి అన్నీ కోసేసిన.

రెండు వరుసలు కుట్టి పరిచి చూస్తే వెడల్పు 48 అంగుళాలే వచ్చింది. అంచుకు అరంగుళం చొప్పున రెండు దిక్కులా కుట్టులోకి పోతదని మర్చిపోయిన. ఐదంగుళాల ముక్క కుట్టినంక నాలుగే. అంటే అడ్డం 15, నిలువు 23, మొత్తం 345. ఇంకా 129 ముక్కలు కావాలె!

అమ్మ ఏమీ అనలే. సందూకలకెళ్లి ఇంకో చీర తీసి, "కుట్టు తినేది ముందుగాల్నే పక్కకు పెట్టాలె బిడ్డా" అన్నది. పాత చీరను పూర్తి చీరగా లెక్కపెట్టొద్దని కూడా అప్పుడే తెలిసింది. కొత్త చీరలో ఐదంగుళాల ముక్కలు 380 దాకా వస్తయి. అరిగిన కుచ్చిళ్ల భాగం, చిరుగులు తీసేస్తే ఈ చీరలో సగం కూడా రాలే. లుంగీలైతే కూర్చునే చోట దారాలు తేలినయి, అంచుల దగ్గరే గట్టిగున్నయి.

ఒకే రంగు పక్కపక్కన పడొద్దని ఇంకో 20 ఎక్కువే కోసిన. పసుపు మరక ఉన్న ముక్కను అమ్మ తీసేయనియ్యలే. అది తలవైపు నడుమ కుట్టిన.