బుల్లి ఆవిరి ఇంజన్ని తిరిగి నడిపించిన నా అనుభవం

మొన్న ఆదివారం సాయంత్రం, పెరట్లోని రేకుల షెడ్డులో, నా చిన్న ఆవిరి ఇంజను సొంత బాయిలరు ఆవిరితో తిరిగింది. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు. మధ్యలో పడ్డ అవమానం కూడా మరుపున పడలేదు. రెండూ పచ్చిగా ఉండగానే రాస్తున్నాను, ఇదే పనికి దిగేవారికి కొంతైనా ఉపయోగపడుతుందని.

ఇంజను స్టువార్ట్ టర్నర్ 10వి. నిలువు ఇంజను, ఒకటే సిలిండరు. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, ముప్పావు అంగుళం. స్ట్రోకు, అంటే పిస్టను ఒకసారి కదిలే దూరం, ముప్పావు అంగుళం. ఫ్లైవీలు 3 అంగుళాలు. ఇంగ్లండులోని ఆ కంపెనీ 1898 ప్రాంతం నుంచి ఇలాంటి ఇంజన్ల పోత ముక్కలూ డ్రాయింగులూ అమ్ముతూ వచ్చింది. కొన్నవాళ్ళు వాటిని ఇంట్లోనే లేతు మీద కోసి, తొలిచి, బిగించుకునేవారు. అందువల్ల ఒకే నమూనా అయినా ఏ రెండు ఇంజన్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఎవరి చేతిపని వారిది. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా కష్టమంతా ఇక్కడే పుట్టింది.

నాకిది వరంగల్‌లో పాత ఇనుము వ్యాపారి దగ్గర దొరికింది. ఏదో కళాశాల ప్రయోగశాల ఖాళీ చేసినప్పుడు వచ్చిన సరుకట. తూకానికి అమ్మాడు. పిల్లలకు చూపించి చదువు చెప్పాల్సిన యంత్రాన్ని తుక్కు కింద తూకం వేయించిన వాళ్ళను ఏమనాలో నాకు తెలియడం లేదు. మన రైల్వేల బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ సర్వీసు 1995తో ముగిసింది. ఆ తరువాత పుట్టిన పిల్లవాడు ఆవిరిని సిలిండర్లోకి వదిలే స్లైడ్ వాల్వు కదలడం కళ్ళారా చూడాలంటే ఇలాంటి నమూనాలే దిక్కు. వాటినీ అమ్ముకుంటే ఇక బోర్డు మీద బొమ్మలే మిగులుతాయి.

విప్పడం, శుభ్రం చేయడం తేలికగానే అయిపోయాయి. ఎండిపోయిన ప్యాకింగు వల్ల పిస్టను పట్టేసి ఉంటే, కిరసనాయిల్లో నానబెట్టి, సిలిండర్ని వేడినీళ్ళతో కాచి, చెక్కముక్కతో నెమ్మదిగా నెట్టాను. సుత్తి మాత్రం ముట్టుకోవద్దు. పిస్టనుకూ, దాని రాడ్డు బయటికి వచ్చే చోట ఆవిరి కారకుండా ఆపే గ్లాండుకూ కొత్త గ్రాఫైట్ తాడు చుట్టాను. వాల్వు ముఖాన్ని మందపాటి గాజుపలక మీద సన్నని ఎమరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ సాపు చేశాను. నీలం రంగు పూసి చూస్తే ముఖమంతా సమానంగా అంటింది.

స్క్రూల దగ్గర కొంచెం చికాకు పడ్డాను. ఈ ఇంజన్లో ఉన్నవి బీఏ, అంటే బ్రిటిష్ అసోసియేషన్ అనే పాత కొలత మరలు. 7 బీఏ స్క్రూ వ్యాసం 2.5 మిల్లీమీటర్లు, మన దుకాణాల్లో దొరికే ఎం 2.5 స్క్రూదీ అదే. కానీ పిచ్చు, అంటే ఒక మర చుట్టుకూ తరువాతిదానికీ మధ్య దూరం, బీఏది 0.48 మిల్లీమీటర్లు, ఎందీ 0.45. మర కోణం కూడా వేరు, బీఏది 47.5 డిగ్రీలు, ఎందీ 60 డిగ్రీలు. ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కి తరువాత బిగుసుకుంటుంది. బలం చూపితే పోత ఇనుములో మర చెడిపోతుంది. నా ముందు ఈ ఇంజన్ని తడిమిన మహానుభావుడెవరో రెండు చోట్ల అదే చేసి పెట్టాడు. హనుమకొండలో ఒక లేత్ షాపు యజమాని కూడా 'దీనికి ఎం 2.5 వేసేస్తాను బాబాయ్, ఏం కాదు' అన్నాడు. ఇంజన్ని వెనక్కి తీసుకుని వచ్చేశాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాత పనిముట్లు అమ్మే దుకాణంలో రంధ్రంలో మర తీసే 7 బీఏ ట్యాపూ, స్క్రూ మీద మర తీసే డై కూడా దొరికాయి. 'ఏం కాదు' అనే మెకానిక్కుకు ఏ యంత్రమూ అప్పగించకండి.

ఇక వాల్వు సెట్టింగు. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

ఆవిరి పిస్టనుకు పై వైపున కొంతసేపు, కింది వైపున కొంతసేపు వెళ్ళాలంటే, సిలిండరు పక్కన ఆవిరి వచ్చి చేరే పెట్టె, స్టీమ్ చెస్టులోని చిన్న వాల్వు పై పోర్టునూ కింది పోర్టునూ, అంటే ఆవిరి దారులను, వంతులవారీగా తెరవాలి. ఆ వాల్వును కదిలించేది షాఫ్టు మీది ఎక్సెంట్రిక్, అంటే నడిమికి కాక పక్కకు రంధ్రం ఉన్న చిన్న చక్రం. ఒక స్క్రూ దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచుతుంది. అది పిస్టను కదలికతో షాఫ్టును తిప్పే క్రాంకు కంటే 90 డిగ్రీలు, ఆపైన మరికొంత ముందుండాలి. ఆ 'మరికొంత' లేకపోతే, వాల్వు అంచు పోర్టును దాటి కప్పి ఉంటుంది కాబట్టి, పిస్టను ప్రయాణం మొదలైపోయాక గాని ఆవిరి లోపలికి రాదు. ఇంజను ఈడ్చుకుంటూ తిరిగి ఆగిపోతుంది.

సెట్ చేసే పద్ధతి కష్టమైనది కాదు. ముందు డెడ్ సెంటర్లు, అంటే పిస్టను పై చివరా కింది చివరా దిశ మార్చుకునే చోట్లు, కచ్చితంగా కనిపెట్టాలి. అక్కడ పిస్టను దాదాపు కదలదు కాబట్టి కంటి అంచనా పనికిరాదు. పిస్టను రాడ్డు మీద ఒక గుర్తు పెట్టుకుని, డెడ్ సెంటరుకు ముందొకసారి, తరువాత ఒకసారి ఆ గుర్తు ఒకే ఎత్తుకు వచ్చేలా తిప్పి, ఫ్లైవీలు మీద రెండు గీతలు గీయాలి. వాటి నడిమి గీతే డెడ్ సెంటరు. తరువాత చెస్టు మూత తీసి రెండు డెడ్ సెంటర్ల దగ్గరా పోర్టు ఎంత తెరుచుకుందో చూడాలి. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ అయితే దోషం వాల్వు రాడ్డు పొడవుది. అర చుట్టు తిప్పి సరిచేయాలి. రెండు వైపులా ఒకేలా ఆలస్యమైతే దోషం ఎక్సెంట్రిక్ కోణానిది. ఈ తేడా తెలియకుండా రెండూ కలిపి కదిలిస్తే ఎన్నాళ్ళకూ తెమలదు.

ఇదంతా పద్ధతి ప్రకారమే చేశాను. మూత తీసి ఉండగా, ఎక్సెంట్రిక్ స్క్రూను తేలికగా బిగించి చూస్తే, రెండు పోర్టులూ వెంట్రుకవాసి సమానంగా తెరుచుకుంటున్నాయి. మూత పెట్టి, స్క్రూను గట్టిగా బిగించి, కంప్రెసరు గాలి 1 కేజీ ఒత్తిడికి ఇస్తే ఇంజను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతోంది. మూత తీసి చూస్తే సెట్టింగు మారిపోయి ఉంటోంది. తిరిగేటప్పుడు ఎక్సెంట్రిక్ జారుతోందని ఇంకా గట్టిగా బిగిస్తే, ఇంకా ఎక్కువ మారుతోంది. నేను కాజీపేట డీజిల్ షెడ్డులో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. 2600 గుర్రపు బలం ఉన్న డబ్ల్యూడీఎం-2 డీజిల్ రైలు ఇంజన్లకు వాల్వు క్లియరెన్సులు పెట్టిన చేతులివి. అరచేతిలో పట్టే ఇంజను ఇలా లొంగకుండా ఉంటే తట్టుకోవడం కష్టమైంది.

తెలిసినవారి సలహా మీద ఒక ఇంజినీరింగు కళాశాలలో మెకానికల్ అధ్యాపకుడి దగ్గరకు తీసుకువెళ్ళాను. వయసులో మా అబ్బాయి కంటే చిన్నవాడు. విద్యార్థుల మధ్య నన్ను నిలబెట్టి, ఇంజన్ని ఒకసారి చేత్తో తిప్పి, 'పెద్దాయనా, సిలిండరు అరిగిపోయింది, అలమరలో పెట్టుకోండి' అన్నాడు. చెస్టు మూత విప్పలేదు. సిలిండరు అరగలేదు సార్, ఫ్లైవీలు కదలకుండా పట్టి గాలి ఇచ్చి చూశాను, ఎగ్జాస్టులోంచి కారడం లేదు అన్నాను. 'మీరు స్పానర్లు పట్టినవారు, ఇది థర్మోడైనమిక్స్' అని కాగితం మీద వాల్వు కదలికను కోణాల్లో చూపే జ్యూనర్ డయాగ్రమ్ గీసి నా చేతికిచ్చాడు. పిల్లలు నవ్వారు. ఆ డయాగ్రమ్ నాకూ తెలుసు. అందులో గీసిన కోణం ఎంత ఉండాలో నాకు ముందే తెలుసు. ఆ కోణం నిలబడకపోవడానికి కారణం వెతకడానికే వెళ్ళాను. చదువుకున్నవాడు చేతిపనివాడి ప్రశ్న పూర్తిగా వినకపోవడం మన దేశంలో యంత్రాలకు పట్టిన పెద్ద తుప్పు.

ఇంటికి వచ్చి, షెడ్డు అలవాటుకే తిరిగి వెళ్ళాను. డీజిల్ షెడ్డులో బిగించిన ప్రతి ముఖ్యమైన బోల్టు మీదా పెయింటు గీత పెడతాం. బోల్టు వెంట్రుకంత కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. ఎక్సెంట్రిక్ పక్కనుంచి షాఫ్టు మీదకు సూదితో ఒక గీత గీసి, ఇంజన్ని అసలు తిప్పకుండానే స్క్రూ బిగించాను. నా కళ్ళ ముందే గీత రెండు ముక్కలైంది. ఎక్సెంట్రిక్ తిరిగేటప్పుడు జారడం లేదు, బిగించేటప్పుడే కదులుతోంది!

విప్పి, భూతద్దం కింద షాఫ్టు చూస్తే డ్రిల్లు మొనతో వేసిన చిన్న గుంట కనిపించింది. తొలి యజమాని ఎవరో, స్క్రూ జారకుండా ఉండాలని సరిగ్గా 90 డిగ్రీల దగ్గర దాన్ని వేశాడు, 'మరికొంత' సంగతి వదిలేసి. నేను ఎంత సరిగా అమర్చినా, బిగిస్తున్నకొద్దీ స్క్రూ మొన ఆ గుంటలోకి దిగుతూ ఎక్సెంట్రిక్‌ను వెనక్కి లాగేస్తోంది.

తరువాతి పని ఒక పూటలో అయిపోయింది. ఎక్సెంట్రిక్ హబ్బులో పాత రంధ్రానికి దూరంగా కొత్త రంధ్రం వేసి మర తీశాను. స్క్రూ మొన షాఫ్టును గాయపరచకుండా కింద చిన్న ఇత్తడి ముక్క వేశాను. మళ్ళీ సెట్ చేసి బిగిస్తే గీత కదలలేదు. గాలి ఇవ్వగానే తిరిగింది. ఒత్తిడి బాగా తగ్గించినా ఆగకుండా, ప్రతి స్ట్రోకు లెక్కపెట్టగలిగేంత నిదానంగా తిరిగింది. అంత నిదానంగా తిరగడమే వాల్వు సెట్టింగు సరిగా ఉందనడానికి రుజువు. వేగంగా తిరగడం ఏ ఇంజనైనా చేస్తుంది.

ఆవిరి విషయంలో రెండు మాటలు. 25 లీటర్ల లోపు బాయిలర్లకు మన బాయిలర్ల చట్టం వర్తించదు. తనిఖీకి ఎవరూ రారు కాబట్టి బాధ్యత అంతా మనదే. రాగి బాయిలరు అతుకులకు వెండి టంకమే వాడాలి. మామూలు తగరం, సీసం టంకం 183 డిగ్రీలకే కరిగిపోతుంది, నీళ్ళు అడుగంటితే ఆ వేడి రావడానికి నిమిషాలు చాలు. ముందుగా బాయిలరు నిండా చన్నీళ్ళు నింపి, నడిపే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి పంపుతో ఎక్కించి నిలిపి చూడాలి. సిలిండరుకు మోటారు ఆయిలు వద్దు, స్టీమ్ సిలిండర్ ఆయిల్ 460 గ్రేడు తెప్పించుకోండి.

ఆ అధ్యాపకుడికి ఇంజను నడుస్తున్న వీడియో పంపించాను. షాఫ్టు మీది గుంట ఫోటో కూడా పంపి, తరగతిలో చూపించమని రాశాను. ఇంతవరకు జవాబు లేదు. మీలో ఎవరికైనా ఇలాంటి పాత ఇంజను దొరికితే, మిగతా పనులన్నిటికంటే ముందు ఎక్సెంట్రిక్ ఊడదీసి షాఫ్టు చూడండి. 7 బీఏ ట్యాపు లేక పని ఆగిపోయినవారు వరంగల్ వైపు వస్తే నా దగ్గరున్నది వాడుకోవచ్చు. అరువు మాత్రం ఇవ్వను, నా షెడ్డులో కూర్చుని పని చేసుకుని వెళ్ళాలి.