బెర్నీస్ లాట్‌ని చదివాక

ఇన్నేళ్ల సైకాలజీ చదువులో పేదరికం గురించి ఒక్క క్లాసు విన్న గుర్తు లేదు నాకు. అందుకేనేమో బెర్నీస్ లాట్ వ్యాసం అంతగా కుదిపేసింది. అమెరికాలో రోడ్ ఐలండ్ యూనివర్సిటీలో సైకాలజీ, మహిళా అధ్యయనాలు రెండూ బోధించిన ప్రొఫెసర్ ఆవిడ. 2002లో 'అమెరికన్ సైకాలజిస్ట్' పత్రికలో రాసిన ఆ వ్యాసం, పేదవాళ్లలో లోపమేంటని వెతకదు, మిగతావాళ్లు వాళ్లని ఎలా దూరం పెడతారో చూపిస్తుంది, ఆ దూరం మనసుల్లోనే ఆగకుండా బడి, ఇల్లు, వైద్యం దాకా ఎలా పాకుతుందో విడమరిచి చెబుతుంది. పేరెంట్స్ మీటింగుకి రాని తల్లిని చూసి పిల్లల మీద శ్రద్ధ లేదని ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ పూట పని మానేస్తే కూలి పోతుందేమోనని ఎవరైనా ఆలోచించామా? నా సెమినార్‌కి ఈ వ్యాసమే తీసుకుంటున్నా, గైడ్ ఒప్పుకోకపోతే గట్టిగా అడుగుతా.