‘టి. మంక్’ అని రాసిన టేపు

పాత స్పూలు టేపు చేతికొస్తే నేను ముందు వాసన చూస్తాను. వెనిగర్ వాసన వస్తోందంటే అది ఎసిటేట్ టేపు, పాడవటం మొదలైందన్నమాట. తర్వాత ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి చూస్తాను. ఎసిటేట్ అయితే చుట్టలోంచి కాస్త వెలుతురు ఇవతలికి వస్తుంది, పాలియెస్టర్ అయితే రాదు. ఆ తర్వాతే అట్టపెట్టె మీద ఏం రాసుందో చదువుతాను. చాలా పెట్టెల మీద ఏమీ ఉండదు. ఉన్నా "పెళ్లి - 2" అనో, "నాన్న" అనో ఉంటుంది. ఎవరి పెళ్లి, ఎవరి నాన్న అన్నది టేపు తిప్పితే గానీ తెలీదు. ఒక్కోసారి తిప్పినా తెలీదు.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనక గదిలో 2007 నుంచి ఈ పని చేస్తున్నాను. హరికథలు, పద్యాలు, రేడియోలోంచి పట్టుకున్న నాటకాలు, చనిపోయినవాళ్ల మాటలు... ఎవరేది తెచ్చినా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను. నన్ను ఈ పనిలోకి దింపింది ఒక అమెరికా టేపు. దాని గురించి రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

మా అక్కయ్యా బావగారూ మేరీల్యాండ్‌లో ఉంటారు. 2006 సంక్రాంతికి వచ్చినప్పుడు బావగారు ఒక సీడీ నా చేతిలో పెట్టి, "ఏమోయ్, ముందు ఇది విను. దీని కథ తర్వాత చెప్తాను" అన్నారు. పియానో థెలోనియస్ మంక్, టెనార్ శాక్సోఫోన్ జాన్ కోల్‌ట్రేన్, బేస్ అహ్మద్ అబ్దుల్ మాలిక్, డ్రమ్స్ షాడో విల్సన్. న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో 1957 నవంబర్ 29న జరిగిన జాజ్ కచేరీ. జాజ్ అంటే అమెరికా నల్లజాతివాళ్లలో పుట్టిన సంగీతం. అప్పటిదాకా నాకు వీళ్లలో ఒక్కరి పేరూ తెలీదు. త్యాగరాజ కీర్తనలూ సన్నాయీ విని పెరిగిన చెవి నాది.

మొదటిసారి విన్నప్పుడు పెద్దగా ఎక్కలేదు. రెండోసారి రాత్రి పూట, ఇంట్లో అందరూ పడుకున్నాక విన్నాను. మొదటి పాట ‘మంక్స్ మూడ్’. చాలా నెమ్మదిగా, తాళం బిగించకుండా, పియానో అక్కడొకటి ఇక్కడొకటి స్వరాలు వేస్తుంటే శాక్సోఫోన్ వాటి మధ్యలోంచి ఊపిరి తీసుకుంటూ వస్తుంది. నాకు చప్పున ఆలాపన గుర్తొచ్చింది. రాగం వేరు, పద్ధతి వేరు, అన్నీ వేరే. అయినా ఎదుటివాడు స్వరాన్ని ఎక్కడ దించుతాడో ఇవతలివాడు కాచుకుని ఉండటం మాత్రం మన కచేరీల్లో నేను చూసిందే. వాళ్లు ఇంప్రొవైజేషన్ అనేదాన్ని మనం మనోధర్మం అంటాం. ఆ రాత్రి నాకు పట్టు దొరికింది అక్కడే.

బావగారు కథ చెప్పింది మర్నాడు పొద్దున, కాఫీ తాగుతూ. తర్వాత చదివి తెలుసుకున్నవి కూడా కలిపి చెప్తాను.

1957 మంక్, కోల్‌ట్రేన్ ఇద్దరికీ మామూలు సంవత్సరం కాదు. మత్తుమందుల కేసులో 1951లో మంక్ తన క్యాబరే కార్డు పోగొట్టుకున్నాడు. న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే ఆ కార్డు ఉండాల్సిందే. అది లేక ఆరేళ్లపాటు సొంత ఊరి క్లబ్బుల్లో వాయించే దారి లేకపోయింది ఆయనకి. ఆ కార్డు మళ్లీ చేతికొచ్చింది 1957లోనే. కోల్‌ట్రేన్‌ది ఇంకో బాధ. హెరాయిన్ అలవాటు వల్ల ఆ వసంతంలోనే ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ బృందంలోంచి పంపించేశారు. ఆయన పట్టుబట్టి ఆ అలవాటు మానేశాడు. మానేసి మంక్ దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ ఉత్తర కరొలినాలో పుట్టినవాళ్లే. మంక్‌కి అప్పటికి నలభై, కోల్‌ట్రేన్‌కి ముప్పై దాటింది.

జులై నుంచి డిసెంబర్ దాకా ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో కోల్‌ట్రేన్‌తో కలిసి మంక్ నలుగురి బృందం వాయించింది. కోల్‌ట్రేన్ మంక్ ఇంటికెళ్లి ఆ పాటలు నేర్చుకునేవాడు. మంక్ చెప్పడు, వాయించి చూపిస్తాడు. పట్టుకునేదాకా మళ్లీ మళ్లీ వాయిస్తాడు. కోల్‌ట్రేన్ తర్వాత ఒక పత్రికా వ్యాసంలో మంక్‌ని సంగీతంలో గొప్ప వాస్తుశిల్పి అన్నాడు. ఎన్నో సందేహాలకి జవాబులు ఆయన దగ్గర దొరికాయన్నాడు. గురువు ఎదురుగా కూర్చుని పాఠం చెప్పించుకున్న ఎవరికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు.

అసలు బాధ ఇక్కడే ఉంది. ఆ ఐదారు నెలల సంగీతాన్ని సరిగ్గా రికార్డు చేసినవాళ్లు లేరు. మంక్ ఒక కంపెనీకి ఒప్పందంలో ఉన్నాడు, కోల్‌ట్రేన్ ఇంకో కంపెనీకి. ఆ బృందంతో స్టూడియోలో చేసినవి మూడంటే మూడు పాటలు, అవి కూడా 1961 దాకా బయటికి రాలేదు. కోల్‌ట్రేన్ భార్య నయీమా ఫైవ్ స్పాట్‌లో చిన్న టేపు రికార్డరుతో పట్టుకున్న ఒక రికార్డింగ్ 1993లో విడుదలైంది. అది చాలా మసకగా వినిపిస్తుంది. పైగా అది 1958 నాటిది, ఒక్క రాత్రికి కోల్‌ట్రేన్ వేరే వాయిద్యగాడి బదులు వచ్చి కూర్చున్నప్పటిది. కాబట్టి ఆ రోజుల్లో క్లబ్బుకెళ్లి విన్నవాళ్లు ఎంత గొప్పగా చెప్పినా తర్వాతివాళ్లు ఊహించుకోవాల్సిందే తప్ప వినే మార్గం లేదు. 1967 జులైలో కోల్‌ట్రేన్ నలభై ఏళ్లకే కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. 1982లో మంక్ పోయాడు. షాడో విల్సన్ అయితే 1959లోనే పోయాడు.

ఇక కార్నెగీ హాల్ సంగతి. హార్లెమ్‌లోని ఒక కమ్యూనిటీ సెంటర్‌కి డబ్బు పోగుచేయటానికి థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు పెట్టిన కచేరీ అది. బిల్లీ హాలిడే, డిజీ గిలెస్పీ, రే చార్ల్స్, చెట్ బేకర్, సోనీ రోలిన్స్... ఇంతమంది ఒకే రాత్రి, ఒకే వేదిక మీద! మంక్ బృందం రెండు ఆటల్లోనూ వాయించింది. దాన్ని వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్లు రికార్డు చేసుకున్నారు. అది విదేశీ శ్రోతల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే రేడియో. కచేరీ అయిపోయింది, టేపులు పెట్టెల్లోకి వెళ్లాయి, అంతే. కాలక్రమంలో ఆ రేడియో సంగీత టేపులన్నీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరాయి. అవి ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు.

2005 మొదట్లో ఆ లైబ్రరీలో రికార్డింగ్ ల్యాబ్ చూసే లారీ ఆపిల్‌బామ్, పాత టేపులు పాడయ్యేలోపు డిజిటల్‌లోకి ఎక్కించే పనిలో ఒక్కో పెట్టే తీసి చూస్తున్నాడు. పది అంగుళాల ఎసిటేట్ టేపులు కొన్ని కనిపించాయి. పెట్టెల మీద కార్నెగీ జాజ్ కచేరీ అనీ, 1957 నాటి తేదీ ఉన్నాయి. ఒకదాని మీద చేత్తో ‘టి. మంక్’ అని రాసుంది. ఆయన దాన్ని డెక్ మీద పెట్టి తిప్పాడు. పియానో ఎవరిదో పెట్టె చెప్పింది. శాక్సోఫోన్ ఎవరిదో మాత్రం ఆయన చెవే చెప్పింది.

ఇక్కడ నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ఉద్యోగం ఎలాంటిదో నాకు తెలుసు. టేపు పనిలో తొందర కుదరదు. ముప్పై నిమిషాల టేపు ఎక్కించాలంటే ముప్పై నిమిషాలు పడుతుంది, అంతకంటే వేగంగా తిప్పితే క్వాలిటీ పోతుంది. ముందు హెడ్డు స్పిరిట్‌తో తుడవాలి, అతుకులు ఊడాయేమో చూసుకోవాలి, ఎసిటేట్ అయితే పుటుక్కున తెగుతుంది కాబట్టి టెన్షన్ తగ్గించి పెట్టుకోవాలి. ఇవన్నీ మెషిన్ నేర్చుకున్న ఎవరైనా చేస్తారు. వచ్చే శబ్దాన్ని గుర్తుపట్టేవాడు గదిలో ఉండటం అన్నది వేరే సంగతి. ఆపిల్‌బామ్‌కి జాజ్ ప్రాణం. కోల్‌ట్రేన్ జీవితం మీద పరిశోధన చేసిన లూయిస్ పోర్టర్ లాంటివాళ్లు ఇలాంటి టేపు ఒకటి ఉండి ఉండాలని ముందే అనుకున్నారు. ఆ పూట ఆ కుర్చీలో జాజ్ తెలియనివాడు కూర్చుని ఉంటే, మీటరు ముల్లు సరిగ్గా ఆడుతోందా లేదా చూసుకుని, నంబరు వేసి, టేపు మళ్లీ పెట్టెలో పెట్టేసేవాడు. ఆ పని కూడా తప్పు లేకుండానే చేసి ఉండేవాడు. అది తలచుకుంటే నాకిప్పటికీ గుండె గుభేలుమంటుంది.

యాభై ఒక్క నిమిషాల సంగీతం దొరికింది. మంక్ కొడుకూ, నిర్మాత మైకేల్ కస్కూనా కలిసి దాన్ని తయారుచేస్తే, 2005 సెప్టెంబర్ 27న బ్లూ నోట్ అనే కంపెనీ సీడీగా వచ్చింది. మోనో రికార్డింగే, కానీ ఎంత స్పష్టంగా ఉంటుందో! బేస్ తీగ మీద వేలు పడటం కూడా తెలుస్తుంది. మంక్‌కి ఆ రాత్రి మంచి గ్రాండ్ పియానో దొరికింది. ఆ మంద్రస్థాయి స్వరాలు వినండి, ఆయన వాటిని ఎంత ఇష్టంగా నొక్కి పట్టుకున్నాడో తెలుస్తుంది. ‘క్రెపస్క్యూల్ విత్ నెలీ’ని భార్య నెలీ జబ్బు పడ్డప్పుడు కట్టాడు. అందులో మనోధర్మానికి దాదాపు చోటివ్వలేదు. మన పెద్దలు కొన్ని కీర్తనల్ని ఉన్నది ఉన్నట్టే పాడాలంటారే, అలాగ. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం ‘స్వీట్ అండ్ లవ్లీ’. నిదానంగా మొదలై, మధ్యలో కాలం రెట్టింపై, కోల్‌ట్రేన్ ఒక్క ఊపిరిలో అన్నేసి స్వరాలు కుమ్మరిస్తుంటే, షాడో విల్సన్ ఆ వేగాన్ని తడబడకుండా మోస్తాడు. మా మనవడికి వినిపిస్తే "తాతయ్యా, మళ్లీ పెట్టు" అన్నాడు.

ఆ కథ విన్న మర్నాడే నేను ఇంటి అటక మీదున్న క్యాసెట్ల పెట్టె దించాను. మా పెదమామయ్య సన్నాయి వాయించేవారు. 1984లో ఊరి గుళ్లో ఆయన తోడి రాగం వాయిస్తే మా నాన్న క్యాసెట్‌లో పట్టారు. ‘పెదమామయ్య, తోడి’ అని నాన్న చేతిరాతతో పెట్టె దొరికింది. టేపు రికార్డరు తెప్పించి పెట్టాను. సినిమా పాటలు! ఎప్పుడో ఇంట్లో ఎవరో దాని మీదే రేడియో పాటలు ఎక్కించేశారు. ఎవర్నీ ఏమీ అనలేను, అప్పట్లో కొత్త క్యాసెట్ కొనటమంటే ఖర్చే. ఆపకుండా చివరిదాకా తిరగనిచ్చాను. సినిమా పాటలు అయిపోయాక కాసేపు గరగర. ఆ తర్వాత, మధ్యలోంచి, మామయ్య సన్నాయి! నాలుగు నిమిషాలు. డోలు వెనక ఎవరో చంటిపిల్ల ఏడుపు, గుడి గంట, చివర్లో మా నాన్న గొంతు "చాలు, ఆపు" అని.

ఆ నాలుగు నిమిషాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించటం కోసమే ఈ పని నేర్చుకున్నాను. వీధిలోవాళ్లు విని తమ క్యాసెట్లు తెచ్చారు, వాళ్ల చుట్టాలు స్పూళ్లు తెచ్చారు. ఎవరొచ్చినా నేను అడిగేది ఒకటే. ఇందులో ఎవరున్నారు, ఎక్కడ, ఏ ఏడు? తెలిసినంత చెప్పమంటాను, చెప్పింది చెప్పినట్టు పెట్టె మీద బాల్‌పెన్నుతో రాస్తాను. తెలీదంటే ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టి వినిపిస్తాను. తెనాలి నుంచి వచ్చిన ఒక ‘పెళ్లి - 2’లో ఉన్నది పెళ్లి కాదు, ఒక పెద్దావిడ పాడిన లాలిపాటలు. ఆవిడ ఎవరో ఆ ఇంట్లో గుర్తుపట్టగలిగింది తొంభై ఏళ్లు దాటిన ఒక్క మేనత్తగారే. మూడో లాలి సగంలో ఆవిడా గొంతు కలిపారు.

జాజ్‌లో ఇలాంటి టేపులు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. కోల్‌ట్రేన్ 1961లో విలేజ్ గేట్ అనే క్లబ్బులో ఎరిక్ డాల్ఫీతో కలిసి వాయించినది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో దొరికి 2023లో విడుదలైంది. అదీ కొనుక్కున్నాను. కానీ నా డెక్ పక్కన ఎప్పుడూ ఉండేది కార్నెగీ హాల్ సీడీయే.

దాంట్లో ఆఖరి పాట ‘ఎపిస్ట్రఫీ’, రెండో ఆటలోది. బృందం మంచి ఊపులో ఉంటుంది. రెండు నిమిషాలు దాటాక పాట పూర్తికాకుండానే రికార్డింగ్ ఆగిపోతుంది. ఎన్నోసార్లు విన్నాను, అక్కడ ఆగుతుందని బాగా తెలుసు. అయినా ప్రతిసారీ నా చెయ్యి వాల్యూమ్ దగ్గరికి వెళ్తుంది, ఇంకాస్త పెంచితే ఆ తర్వాతది వినపడుతుందేమోనని.