జీఐఎస్ పేపర్‌లో ఓపెన్ స్టాండర్డ్స్: మొదటిసారి పోయిన మార్కులు, రెండోసారి చదివిన తీరు

జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులతో, భౌగోళిక సమాచారంతో పనిచేసే విద్య) పరీక్ష మొదటి ప్రయత్నంలో నన్ను బాగా ఏడిపించిన ప్రశ్న ఒకటుంది. డబ్ల్యూఎంఎస్ (వెబ్‌లో మ్యాప్ బొమ్మలు పంపే సర్వీస్) 1.3.0 సర్వర్‌ని ఈపీఎస్‌జీ 4326 అనే కోఆర్డినేట్ సిస్టమ్‌లో (అక్షాంశ రేఖాంశాలతో చోటు చెప్పే పద్ధతి) మ్యాప్ అడగాలి. అక్షాంశం 48 నుంచి 49, రేఖాంశం 2 నుంచి 3. బీబాక్స్‌లో, అంటే కావలసిన ప్రాంతం హద్దులు చెప్పే చోట, ఈ నాలుగు అంకెలు ఏ వరుసలో రాయాలి? ఇంత తేలికైన ప్రశ్న కూడా ఇస్తారా అనుకున్నాను. ఎక్స్ ముందు, వై తర్వాత కదా అని 2, 48, 3, 49కి టిక్ పెట్టి ముందుకెళ్లిపోయాను. కీ వచ్చాక చూస్తే జవాబు 48, 2, 49, 3. కీలోనే తప్పుంది, అభ్యంతరం పెడదామని కూర్చుని, ఆధారం కోసం అసలు స్పెసిఫికేషన్ తెరిచాను. పది నిమిషాల తర్వాత ఏమీ మాట్లాడకుండా మూసేశాను.

అప్పటిదాకా నేను చదివిన పద్ధతి చెబితే మీలో చాలామంది మీదే అనుకుంటారు. పొడి అక్షరాల పట్టిక ఒకటి రాసి గోడకి అంటించుకున్నాను. డబ్ల్యూఎంఎస్, డబ్ల్యూఎఫ్ఎస్, డబ్ల్యూసీఎస్, జీఎంఎల్, కేఎంఎల్, ఎస్ఎల్‌డీ. అన్నీ మ్యాప్ డేటా స్టాండర్డ్స్ పొట్టి పేర్లే. నిద్రలో లేపి అడిగినా పూర్తి పేర్లు చెప్పేదాన్ని. పేపర్‌లో ఒక్క పూర్తి పేరు కూడా అడగలేదు. అడిగిందల్లా ఆ సర్వీస్‌కి ఏం పంపితే ఏం వస్తుంది, ఏ పనికి ఏది వాడాలి, రెండు వెర్షన్ల మధ్య ఏం మారింది అన్నదే.

రెండోసారి ఆ పట్టిక చింపేసి, అసలు ఈ స్టాండర్డ్స్ ఎందుకు పుట్టాయో అక్కడి నుంచి మొదలుపెట్టాను. ఒక చిన్న లెక్క వేసుకోండి. పది మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లున్నాయి, దేని ఫార్మాట్ దానిదే. ప్రతిదాని డేటా మిగతా తొమ్మిదింటికీ వెళ్లాలంటే 90 కన్వర్టర్లు రాయాలి. అదే అందరూ ఒప్పుకున్న ఒక భాష మధ్యలో ఉంటే, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఆ భాషలోకి ఒకటి, అందులోంచి ఒకటి, మొత్తం 20తో పని అయిపోతుంది. పైగా ప్రతి మార్పిడిలో ఏదో ఒకటి రాలిపోతూ ఉంటుంది. ఒకచోట కోఆర్డినేట్ సిస్టమ్ వివరం పోతుంది, ఇంకోచోట కాలమ్ పేరు తెగిపోతుంది. ఈ గొడవ తీర్చడానికే 1994లో ఓజీసీ అనే సంస్థ మొదలైంది. అప్పట్లో దాని పేరు ఓపెన్ జీఐఎస్ కన్సార్టియం, 2004లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం అయింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓలో ఇదే పని చూసే కమిటీ టీసీ 211 ఏర్పడింది కూడా 1994లోనే. రెండూ కలిసి పనిచేస్తాయి కాబట్టే ఒకే స్టాండర్డ్‌కి ఓజీసీ పేరు ఒకటి, ఐఎస్ఓ నంబరు ఒకటి కనిపిస్తాయి. అవి రెండు వేర్వేరు స్టాండర్డ్స్ అనుకుని నేను చాలా రోజులు తికమకపడ్డాను.

ఇక్కడే ఇంకో మెలిక. ఓపెన్ స్టాండర్డ్, ఓపెన్ సోర్స్ ఒకటి కావు. డబ్ల్యూఎంఎస్ ఒక ఒప్పందం, జియోసర్వర్ ఆ ఒప్పందాన్ని పాటించే ఒక సాఫ్ట్‌వేర్. సోర్స్ కోడ్ బయటపెట్టని సాఫ్ట్‌వేర్ కూడా డబ్ల్యూఎంఎస్‌ని చక్కగా అందించగలదు. అలాగే షేప్‌ఫైల్ అనే మ్యాప్ డేటా ఫార్మాట్. ఎస్రీ సంస్థ దాని వివరాలను 1998లో ప్రచురించింది కాబట్టి ఎవరైనా చదివి వాడుకోవచ్చు, కానీ అది ఒక కంపెనీ ఫార్మాటే తప్ప ఓజీసీ స్టాండర్డ్ కాదు. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ఈ తేడా మీదే ఎక్కువ ఆడుకుంటారు.

సర్వీసుల విషయంలో నాకు పనికొచ్చింది ఒకే ప్రశ్న: అడిగితే చేతికి ఏం వస్తుంది? డబ్ల్యూఎంఎస్‌ని అడిగితే బొమ్మ వస్తుంది. పీఎన్‌జీయో జేపెగ్గో, సర్వర్ దగ్గర గీసి పంపిన చిత్రం. అందులో నది నీలంగా కనిపిస్తుందే కానీ ఆ నది పొడవు మీరు కొలిచి వాడుకోలేరు. డబ్ల్యూఎఫ్ఎస్‌ని అడిగితే ఆ నదే వస్తుంది, అంటే దాని జ్యామితి, దానికున్న వివరాలన్నీ. ఇక బొమ్మ ఎలా గీసుకుంటారో మీ ఇష్టం. డబ్ల్యూసీఎస్‌ని అడిగితే గ్రిడ్ విలువలు వస్తాయి. ఎత్తుల డేటా అయితే ప్రతి గడిలో అసలు ఎత్తు ఉంటుంది, ఆ ఎత్తుకి వేసిన రంగు కాదు. వాలు లెక్కించాలంటే ఏది వాడాలి అని అడిగితే జవాబు డబ్ల్యూసీఎస్ అని వెంటనే తట్టాలి. డబ్ల్యూఎంఎస్ ఇచ్చిన ఎత్తుల బొమ్మతో వాలు లెక్కించడమంటే ఫోటోలో అన్నం చూసి కడుపు నింపుకున్నట్టే.

బొమ్మే వస్తుంది అన్నాం కదా, మరి దాని మీద నొక్కితే వివరాలు ఎలా వస్తున్నాయి అని మీకు అనుమానం రావాలి. నాకు మొదటిసారి రాలేదు, అందుకే ఇంకో మార్కు పోయింది. డబ్ల్యూఎంఎస్‌లో గెట్‌కేపబిలిటీస్ (సర్వర్ దగ్గర ఏముందో అడిగేది), గెట్‌మ్యాప్ (బొమ్మ అడిగేది) అనే రిక్వెస్ట్‌లు తప్పనిసరి. గెట్‌ఫీచర్‌ఇన్‌ఫో ఐచ్ఛికం. లేయర్‌ని క్వెరీ చేయవచ్చు అని సర్వర్ ప్రకటిస్తేనే అది పనిచేస్తుంది. బొమ్మలో ఫలానా పిక్సెల్ దగ్గర ఏముంది అని అడుగుతాం, అంతే. డబ్ల్యూఎఫ్ఎస్‌లో వరుస వేరు: గెట్‌కేపబిలిటీస్, తర్వాత డిస్క్రైబ్‌ఫీచర్‌టైప్ (డేటాలో ఏ కాలమ్‌లున్నాయో అడిగేది), తర్వాత గెట్‌ఫీచర్ (డేటానే అడిగేది). సర్వర్‌లోని డేటాని మార్చాలంటే ట్రాన్సాక్షన్. ట్రాన్సాక్షన్ అన్ని సర్వర్లలోనూ ఉండాలన్న నియమం లేదు.

ఇప్పుడు నా పాత గాయం దగ్గరకి వద్దాం. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఇది పరీక్షలోనే కాదు, ఉద్యోగంలో కూడా వెంటాడుతుందని సీనియర్లు చెబుతుంటారు.

నావికులు, సర్వేయర్లు ఎప్పటినుంచో అక్షాంశం ముందు చెబుతారు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసేవాళ్లకి ఎక్స్ ముందు, అంటే రేఖాంశం ముందు. ఈపీఎస్‌జీ పట్టికలో 4326కి అక్షాంశం మొదటి అక్షం, రేఖాంశం రెండోది. డబ్ల్యూఎంఎస్ 1.1.1 దీన్ని పట్టించుకోకుండా రేఖాంశమే ముందు రాయమంది. 1.3.0 వచ్చేసరికి ఆ కోఆర్డినేట్ సిస్టమ్ నిర్వచనంలో ఏ వరుస ఉంటే అదే పాటించాలన్నారు. అందుకే అదే చోటుకి అదే 4326లో 1.1.1లో 2, 48, 3, 49 అని, 1.3.0లో 48, 2, 49, 3 అని రాయాలి. రేఖాంశమే ముందు కావాలనుకునేవాళ్ల కోసం 1.3.0లో సీఆర్ఎస్:84 అనే పేరు ఉంది. డేటమ్ (భూమి ఆకారానికి తీసుకున్న ఆధారం) అదే, వరుస మాత్రం వేరు. ఇదే వెర్షన్ మార్పులో ఎస్ఆర్ఎస్ అనే పారామీటర్ సీఆర్ఎస్ అయింది, గెట్‌ఫీచర్‌ఇన్‌ఫోలో ఎక్స్, వై కాస్తా ఐ, జే అయ్యాయి.

ఈ వరుస తప్పితే ఏమవుతుందో ఒకసారి చేసి చూడండి, మళ్లీ జన్మలో మర్చిపోరు. పారిస్ సుమారు 48.86 ఉత్తర అక్షాంశం, 2.35 తూర్పు రేఖాంశం. తారుమారు చేస్తే 2.35 ఉత్తరం, 48.86 తూర్పు, అంటే సోమాలియా తీరం దాటి హిందూ మహాసముద్రంలో పడుతుంది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు, ఎందుకంటే రెండు అంకెలూ చెల్లుతాయి. అదే టోక్యో అయితే రేఖాంశం 139 దాటుతుంది, అక్షాంశం 90కి మించదు కాబట్టి వెంటనే ఎర్రర్ వస్తుంది. మనల్ని ముంచేది ఎర్రర్ ఇవ్వని తప్పే.

జియోజేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఈ గొడవ లేదు. ఎప్పుడూ రేఖాంశం, అక్షాంశం. ఎప్పుడూ డబ్ల్యూజీఎస్ 84, అంటే జీపీఎస్ వాడే డేటమే. 2008లో వచ్చిన తొలి రూపంలో వేరే కోఆర్డినేట్ సిస్టమ్ చెప్పే వీలుండేది, 2016లో ఆర్ఎఫ్‌సీ 7946గా వచ్చినప్పుడు దాన్ని తీసేశారు. ఆర్ఎఫ్‌సీ అన్నాను చూశారా, జియోజేసన్ స్టాండర్డ్ ఇంటర్నెట్ ప్రమాణాలు చూసే ఐఈటీఎఫ్‌ది, ఓజీసీది కాదు. నేను చదివిన ఒక మెటీరియల్‌లో దీన్ని ఓజీసీ కింద వేసేశారు. గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్ ఫార్మాట్ కథ దీనికి ఎదురు. కీహోల్ అనే కంపెనీలో పుట్టి, 2004లో గూగుల్ చేతికి వెళ్లి, 2008లో ఓజీసీ స్టాండర్డ్ అయింది. అందులోనూ రేఖాంశమే ముందు, తర్వాత అక్షాంశం, ఆపై ఎత్తు.

ఫైల్ ఫార్మాట్లకి నేను మూడు రోజులకి మించి ఇవ్వలేదు, మీరూ ఇవ్వక్కర్లేదు. షేప్‌ఫైల్ ఒక ఫైల్ కాదు, ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్ఎక్స్, డీబీఎఫ్ అనే మూడు తప్పనిసరి. కోఆర్డినేట్ సిస్టమ్ చెప్పే పీఆర్‌జే లేకపోయినా ఫైల్ తెరుచుకుంటుంది, అందుకే అది లేకుండా చేతులు మారి తర్వాత తలనొప్పి అవుతుంది. కాలమ్ పేరు 10 అక్షరాలు దాటదు. ఒక్కో ఫైల్ 2 జీబీ దాటకూడదు. ఈ ఇబ్బందులన్నిటికీ జవాబుగా 2014లో జియోప్యాకేజ్ వచ్చింది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద కట్టిన ఒకే ఫైల్, అందులో వెక్టర్ లేయర్లు (బిందువులు, గీతలుగా ఉండే డేటా), టైల్స్ (మ్యాప్‌ని కోసిన చదరపు బొమ్మ ముక్కలు) రెండూ పడతాయి. జీఎంఎల్ స్కీమాల లోతుల్లోకి వెళ్లకండి. అది ఎక్స్ఎంఎల్, డబ్ల్యూఎఫ్ఎస్‌కి మూల భాష, ఐఎస్ఓ 19136. ఇంతవరకు చాలు.

న్యూమరికల్ ప్రశ్నలు మాత్రం వదలకండి, ఖాయంగా మార్కులొచ్చేది అక్కడే. జ్యామితిని బైట్లుగా రాసే డబ్ల్యూకేబీలో ఒక పాయింట్‌కి ఎన్ని బైట్లు? బైట్ ఆర్డర్‌కి 1, టైప్‌కి 4, ఎక్స్, వైలకి చెరో 8, మొత్తం 21. మూడు బిందువుల లైన్‌స్ట్రింగ్ అయితే బిందువుల సంఖ్యకి ఇంకో 4 కలిసి 1+4+4+48, అంటే 57. టైల్స్ లెక్కలు కూడా ఇలాంటివే. జూమ్ 0లో ప్రపంచమంతా ఒకే టైల్, వెడల్పు 256 పిక్సెళ్లు, భూమధ్యరేఖ దగ్గర పిక్సెల్‌కి సుమారు 156543 మీటర్లు. జూమ్ ఒక్కటి పెరిగితే ఇది సగమవుతుంది, టైల్స్ నాలుగింతలవుతాయి. జూమ్ 10లో పిక్సెల్‌కి 152.87 మీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అడిగితే కొసైన్‌తో గుణించండి, నేల మీద అసలు కొలత అందులో సగం, 76.4. వెబ్ మెర్కేటర్, అంటే ఈపీఎస్‌జీ 3857, ధ్రువాలదాకా వెళ్లదు, 85.05 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇంకో మెలిక, టైల్స్ అందించే పద్ధతులు రెండున్నాయి: డబ్ల్యూఎంటీఎస్‌లో వరుసల లెక్క పైనుంచి, టీఎంఎస్‌లో కిందినుంచి. జూమ్ 3లో మొత్తం 8 వరుసలు కాబట్టి పైనుంచి లెక్కించిన 2వ నంబరు వరుస టీఎంఎస్‌లో 8-1-2, అంటే 5. లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మర్చిపోవద్దు.

ఐఎస్ఓ నంబర్ల గురించి చాలామంది టెన్షన్ పడతారు. నేను ఐదే నేర్చుకున్నాను: మెటాడేటా 19115, సింపుల్ ఫీచర్స్ 19125, డబ్ల్యూఎంఎస్ 19128, జీఎంఎల్ 19136, డబ్ల్యూఎఫ్ఎస్ 19142. మిగతావి వస్తే వదిలేద్దామనుకున్నాను, వదిలేశాను కూడా.

చదివింది ఒకెత్తు, చేసి చూసింది ఒకెత్తు. నా లాప్‌టాప్‌లో జియోసర్వర్ ఇన్‌స్టాల్ చేసి, ఉచితంగా దొరికే నేచురల్ ఎర్త్ డేటాలోంచి దేశాల లేయర్ ఒకటి పెట్టాను. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో కనెక్ట్ చేయడం రెండు నిమిషాల పని, కానీ దానివల్ల నేర్చుకునేది తక్కువ, ఎందుకంటే రిక్వెస్ట్ అంతా అదే రాసేస్తుంది. నేను బ్రౌజర్ అడ్రస్ బార్‌లో రిక్వెస్ట్‌ని చేత్తో టైప్ చేసేదాన్ని. వెర్షన్ మార్చి చూడటం, బీబాక్స్ తిరగేసి చూడటం, స్టైల్స్ పారామీటర్ తీసేసి ఏం తిడుతుందో చూడటం. వారం రోజులు రోజుకో అరగంట. సర్వర్ ఇచ్చిన ప్రతి ఎర్రర్‌నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చివరి వారం రివిజన్‌కి ఆ నోట్‌బుక్ ఒక్కటే తెరిచాను.

కొత్తగా చేరిన ఓజీసీ ఏపీఐ భాగాన్ని చాలామంది పక్కన పెట్టేస్తున్నారు. అలా చేయకండి. అందులో ఫీచర్స్ అనే స్టాండర్డ్ మొదటి భాగం 2019లో ఆమోదం పొందింది, మొదట్లో దాన్ని డబ్ల్యూఎఫ్ఎస్ 3.0 అని పిలిచేవారు. పాత సర్వీసుల్లో ఒకే అడ్రస్‌కి రకరకాల పారామీటర్లు తగిలించేవాళ్లం. ఇక్కడ ప్రతి కలెక్షన్‌కీ, అందులోని ప్రతి అంశానికీ దాని సొంత అడ్రస్ ఉంటుంది, మామూలు వెబ్ పేజీల్లాగే. జియోజేసన్, హెచ్‌టీఎంఎల్ ఇవ్వమని సిఫారసు చేస్తుంది కానీ ఏ ఎన్‌కోడింగ్‌నీ తప్పనిసరి చేయదు. 'తప్పనిసరి' అన్న మాట ఆప్షన్‌లో కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి.

రెండోసారి పేపర్‌లో మళ్లీ బీబాక్స్ వచ్చింది. చెయ్యి దానంతటదే అక్షాంశం ముందున్న ఆప్షన్ వైపు వెళ్లింది. ఏడాదిపాటు తలకెక్కించుకున్నది అదే కదా. అప్పుడు ప్రశ్న మళ్లీ చదివాను. అడిగింది డబ్ల్యూఎంఎస్ కాదు, ఓజీసీ ఏపీఐ ఫీచర్స్. అందులో వేరేగా చెప్పకపోతే సీఆర్ఎస్ 84, అంటే రేఖాంశం ముందు. కిందటిసారి నన్ను ముంచిన వరుసకే ఈసారి టిక్ పెట్టి, తర్వాతి ప్రశ్నకి వెళ్లాను.