కడుపులోకి తొమ్మిది లీటర్లు, బయటికి ఒక చిన్న గ్లాసు

"ఏం పెట్టినా నిలవట్లేదు, తిన్నది తిన్నట్టే పోతోంది."

వానలు మొదలయ్యాక ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడ్డా ఈ మాట వినిపిస్తుంది. ఒడియాలో ఝాడాబాంతి అన్నా, మనం వాంతులు, బేధులు అన్నా ఫిర్యాదు ఒక్కటే. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "అందుకే పొద్దుట్నుంచీ ఏమీ పెట్టలేదు, నీళ్లు కూడా తగ్గించేశాం." ప్రాణం మీదికి తెచ్చేది ఈ రెండో మాటే. మొదటి మాట ఎందుకు తప్పో అర్థమైతే రెండో మాట నోటికి రాదు.

అన్నం తిన్న అయిదు నిమిషాలకే దొడ్డికి వెళ్లాల్సి వస్తే అప్పుడు వచ్చేది ఇప్పుడు తిన్న అన్నం కాదు. జీర్ణాశయంలోకి ఆహారం పడి దాని గోడ సాగగానే పెద్ద పేగుకు కబురు వెళ్తుంది, పెద్ద పేగు ముడుచుకుని తనలో ఉన్నదాన్ని కిందికి నెడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇది ఉంటుంది, పొద్దున్నే టీ తాగగానే చాలామందికి కదలిక వచ్చేది ఇందుకే. మామూలుగా ఒక పూట భోజనం జీర్ణాశయంలో రెండు నుంచి నాలుగు గంటలు, చిన్న పేగులో నాలుగు నుంచి ఆరు గంటలు, పెద్ద పేగులో ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది. బేధులప్పుడు ఈ ప్రయాణం బాగా వేగమవుతుంది, నిజమే. అయినా నోట్లో పెట్టిన ముద్ద నిమిషాల్లో అటు తేలదు. పాడైన పేగు కూడా తిన్నదాంట్లో చాలా భాగాన్ని పీల్చుకుంటూనే ఉంటుంది.

జీర్ణక్రియ అంటే అన్నం అరగడం అనుకుంటాం. సగం కథే అది. మిగతా సగం నీటి లెక్క. పెద్దవాళ్లు రోజుకు తాగేది, తిండితో వచ్చేది కలిపి సుమారు రెండు లీటర్లు. దానికి ఒంట్లోంచే వచ్చి కలిసేది చూడండి: లాలాజలం లీటరున్నర, జీర్ణాశయ రసం రెండు లీటర్లు, కాలేయం నుంచి పైత్యరసం అర లీటరు పైన, క్లోమం (ప్యాంక్రియాస్) నుంచి క్లోమరసం లీటరున్నర, చిన్న పేగు గోడ ఊరబెట్టేది ఇంకో లీటరున్నర. మొత్తం తొమ్మిది లీటర్లు. మన ఒంట్లో తిరిగే నెత్తురు అయిదు లీటర్లు. అంటే దానికి రెట్టింపుకు కాస్త తక్కువగా నీరు రోజూ పేగుల్లోకి దిగుతుంది. ఇందులో ఏడున్నర లీటర్లు చిన్న పేగే వెనక్కి లాగేస్తుంది, మిగిలిన లీటరున్నరలో దాదాపు అంతా పెద్ద పేగు లాగుతుంది. మలంతో బయటికి పోయేది నూరు, నూటయాభై మిల్లీలీటర్లు, ఒక చిన్న గ్లాసుడు. ఈ వెనక్కి లాగే పని దెబ్బతిన్నా, లోపలికి ఊరేది హద్దు దాటినా బేధులే.

ఇప్పుడు చద్దన్నం ముద్దతో బయలుదేరదాం. ఇక్కడ పఖాళ అన్నా, చద్దన్నం అన్నా వేసవిలో ప్రతి ఇంటా అదే కదా.

నోట్లో నమలడం వల్ల ముద్ద చిన్న ముక్కలవుతుంది, లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. ఉత్తన్నాన్ని నిమిషం పాటు నమిలితే తియ్యగా అనిపించేది ఇందుకే. చద్దన్నాన్ని నమలకుండా జుర్రేస్తాం గనక ఈ పని పెద్దగా జరగదు, నష్టం కూడా లేదు, క్లోమం ఆ లోటు తీరుస్తుంది. అన్నవాహిక ఒక జానెడు గొట్టం, సుమారు 25 సెంటీమీటర్లు, ముద్ద దాన్ని పది సెకన్లలో దాటేస్తుంది.

జీర్ణాశయం ఖాళీగా ఉన్నప్పుడు పిడికిలంత, భోజనం తర్వాత లీటరు, లీటరున్నర పట్టేంత. ఇక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది, పీహెచ్ రెండు దగ్గర ఉంటుంది, నిమ్మరసం అంత పులుపు. ఈ ఆమ్లం పప్పు, చేపల్లోని మాంసకృత్తులను విప్పుతుంది, పెప్సిన్ అనే ఎంజైము వాటిని కోస్తుంది. దీనికి రెండో పని కూడా ఉంది, మన వైపు దాని విలువ ఎక్కువ: నీళ్లతో, తిండితో వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని ఇక్కడే చంపేస్తుంది. కలరా క్రిమి పులుపుకు చాలా తొందరగా చస్తుంది. ఆరోగ్యవంతుడికి కలరా రావాలంటే ఆ క్రిములు కోట్లలో లోపలికి పోవాలి. ఆమ్లం తగ్గితే మాత్రం అంతకంటే చాలా తక్కువే సరిపోతాయి.

అందుకే "గ్యాస్ బిళ్ల" సంగతి ఇక్కడే చెప్పాలి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఆమ్లం ఊరే పంపులను మూసేస్తాయి. పొద్దున్న భోజనానికి అరగంట ముందు వేసుకుంటే పని చేస్తాయి, తిన్న తర్వాత వేసుకుంటే సగం వృథా. కడుపులో పుండు ఉన్నవాళ్లకు, గుండెకు ఆస్పిరిన్ వాడుతూ డాక్టరు రాసినవాళ్లకు ఇవి కావాల్సిందే, సొంతంగా మానకూడదు. కానీ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగేవాళ్లు చాలామంది ఉన్నారు. చెలమ నీళ్లు, గెడ్డ నీళ్లు తాగాల్సి వచ్చే ఊళ్లలో ఇది కాపలావాణ్ణి ఇంటికి పంపేయడమే.

జీర్ణాశయం అడుగున గట్టి కండరపు కవాటం ఉంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద ముక్కను అది దాటనివ్వదు, వెనక్కి తోసి మళ్లీ చిలుకుతుంది. నీళ్లు, గంజి ఇట్టే దాటిపోతాయి. నూనెలో వేగిన బరా, పకోడీ తింటే కవాటం బాగా నెమ్మదిస్తుంది, రాత్రి పదికి తిన్నవి పొద్దున్న దాకా పులి తేన్పులు తెప్పించేది ఈ ఆలస్యం వల్లే.

అక్కడి నుంచి చిన్న పేగు. మొదటి 25 సెంటీమీటర్లలోనే మూడు పనులు జరుగుతాయి. క్లోమరసంలోని క్షారం ఆమ్లాన్ని చల్లారుస్తుంది, లేకపోతే పేగు కాలిపోతుంది. పైత్యరసం నూనెను సబ్బులా చిన్న చిన్న బొట్లుగా చేస్తుంది. క్లోమం ఎంజైములు పిండిని, కొవ్వును, మాంసకృత్తులను కోస్తాయి. పిత్తాశయం పైత్యరసాన్ని దాచి, చిక్కబరిచి, కొవ్వు వచ్చినప్పుడు పిండుతుంది. అందులో రాళ్లుంటే విందు భోజనం తర్వాత కుడి డొక్కలో పైన పట్టేసే నొప్పి వచ్చేది ఆ పిండినప్పుడే. దాన్ని గ్యాస్ అనుకుని సోడాలు తాగుతూ రోజులు గడపకుండా స్కానింగ్ చేయించుకోవాలి.

పేగు లోపలి గోడను దగ్గరగా చూస్తే మందపాటి తువ్వాలులా ఉంటుంది. తువ్వాలు పోగుల్లాగే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు పొడవున్న చూషకాలు లక్షలుగా నిలబడి ఉంటాయి. ఒక్కో చూషకం మీద వేల కణాలు, ఒక్కో కణం మీద మళ్లీ ఇంకా సన్నని నూగు. ఇదంతా పరిస్తే టెన్నిస్ కోర్టంత అని పాత పుస్తకాల్లో ఉంటుంది. 2014లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చూస్తే నోటి నుంచి చివరి దాకా సుమారు 30 చదరపు మీటర్లే తేలింది. అయినా తక్కువేం కాదు, మూడు పడక గదులంత. ఈ కణాలు మూడు నుంచి అయిదు రోజుల్లో రాలిపోతాయి, చూషకాల మొదట్లోని గుంతల్లో కొత్తవి పుట్టి పైకి జరుగుతాయి.

ఈ గుంతల్లో నీరు ఊరుతుంది, చూషకాల కొనల్లో నీరు లోపలికి పోతుంది. కలరా విషం ఏం చేస్తుందంటే గుంతల్లోని కణాల క్లోరైడ్ తూముల్ని తెరిచి, మూతపడకుండా చేస్తుంది. క్లోరైడ్ వెంట సోడియం, సోడియం వెంట నీరు పేగులోకి పారుతుంది. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్లకు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పోతుంది, బియ్యం కడుగు లాంటి నీళ్లుగా. పెద్ద పేగు ఎంత కష్టపడ్డా రోజుకు నాలుగైదు లీటర్లు మించి లాగలేదు. 2007 వానాకాలంలో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో, కొరాపుట్, కలహండి జిల్లాల్లో మనుషులు చనిపోయింది ఇలా ఒంట్లో నీరు ఇంకిపోయే. 2022 జులైలో మళ్లీ కాశీపూర్‌లోనే కలరా వచ్చింది.

ప్రాణం నిలబెట్టే సంగతి ఇక్కడుంది. చూషకాల కొనలో ఒక తలుపు ఉంది. దాంట్లోంచి గ్లూకోజు ఒక అణువు, సోడియం రెండు జంటగా పోతాయి, ఒకటి లేకుండా రెండోది పోదు. అవి పోతే వాటి వెంట నీరు పోతుంది. కలరా విషం ఈ తలుపు జోలికి రాదు. ఉత్త నీళ్లు తాగితే ఈ తలుపు తెరుచుకోదు, ఉత్త ఉప్పు నీళ్లకూ తెరుచుకోదు, రెండూ తగిన పాళ్లలో కలిపితే తెరుచుకుంటుంది. ఓఆర్ఎస్ అంటే ఇంతే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌లో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపి తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి.

ఇప్పటి ఓఆర్ఎస్ పాళ్లు లీటరు నీటికి: గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఈ పాళ్లను చెడగొట్టే పొరపాటు ఇళ్లలో రోజూ జరుగుతుంది. లీటరు ప్యాకెట్‌ని చింపి ఒక గ్లాసులో సగం వేసి కలిపేస్తారు, "చిక్కగా ఉంటే బలం" అని. చిక్కటి ద్రావణం పేగులోంచి ఒంట్లోకి పోయే బదులు ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, బేధులు పెరుగుతాయి, పిల్లల నెత్తురులో ఉప్పు ఎక్కి ఫిట్స్ కూడా రావచ్చు. ప్యాకెట్ మీద ఎంత నీటికో రాసి ఉంటుంది, లీటరువీ ఉన్నాయి, 200 మిల్లీలీటర్లవీ ఉన్నాయి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్ల సీసాతో కొలిచి కాచి చల్లార్చిన నీళ్లు గిన్నెలో పోసి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేసి కలపండి. కలిపాక కాచకూడదు, పంచదార చేర్చకూడదు, పాలలో, కూల్‌డ్రింకులో కలపకూడదు. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీటికి గీసిన టీ చెంచాతో పంచదార ఆరు, ఉప్పు అర. ఉప్పు అరచెంచా దాటితే ప్రమాదం, రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు.

తియ్యటి పండ్ల రుచుల డబ్బా పానీయాలు దీనికి బదులు కావు. పంచదార చాలా ఎక్కువ, ఉప్పు చాలా తక్కువ. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఓఆర్ఎస్ అన్న పేరు అలాంటి పానీయాల మీద వాడకూడదని చెప్పింది.

ఒక్కో బేధి తర్వాత రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ల లోపు వాళ్లకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు దాహం తీరేంత. డోకు వస్తే పది నిమిషాలు ఆగి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి. గ్లాసు ఎత్తి తాగిస్తే వచ్చే డోకు చెంచాతో పోస్తే చాలాసార్లు రాదు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: ఓఆర్ఎస్ బేధుల్ని ఆపదు. పోయిన నీటిని తిరిగి నింపుతుంది. "రెండు ప్యాకెట్లు పట్టించాం, ఆగలేదు" అని మానేయడంతోనే చాలామంది పిల్లలు చేజారిపోతారు. కదలికను కట్టేసే లోపెరమైడ్ బిళ్లలు పిల్లలకు వద్దు, నీరు పేగులోనే నిండుతుంది, బయటికి కనపడదు, అంతే.

తిండి ఆపకూడదు. తల్లిపాలు అస్సలు ఆపకూడదు. రాలిన చూషక కణాల చోట కొత్తవి రావాలంటే వాటికి తిండి పేగులోంచే అందాలి. మెత్తటి అన్నం, పప్పు కట్టు, పల్చటి చోడి (రాగి) అంబలి, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టొచ్చు. చూషకాల కొనల మీద ఉండే, పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైము కణాలతో పాటే రాలిపోతుంది గనక కొందరికి కొన్నాళ్లు గేదె పాలు పడవు, ఉబ్బరం వస్తుంది. పెరుగు పడుతుంది.

చద్దన్నం మాటేమిటి? వండి చల్లారిన అన్నంలో కొంత పిండి గట్టిపడి చిన్న పేగుకు అరగదు, పెద్ద పేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి కొవ్వామ్లాలు చేస్తాయి. పెద్ద పేగు కణాలకు అవే ముఖ్యమైన ఆహారం, పైగా అవి లోపలికి పోతూ సోడియాన్ని, నీటిని తీసుకుపోతాయి. 2000లో వెల్లూరు వైద్యులు కలరా రోగులకు ఓఆర్ఎస్‌లో ఇలాంటి అరగని పిండి కలిపి ఇస్తే బేధులు తొందరగా తగ్గాయి. ఇంట్లో చద్దన్నం మందని దీనర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మంచిది, దాన్ని చేసే తీరులో ఒక మెలిక ఉంది. వండిన అన్నాన్ని మూత పెట్టి వెచ్చగా గంటల తరబడి వదిలేసి, పడుకునే ముందు నీళ్లు పోస్తే ఆ మధ్యలోనే బాసిల్లస్ సెరియస్ అనే క్రిమి పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా చావదు, తిన్న గంట నుంచి ఆరు గంటల్లో డోకులు. అన్నం వెడల్పు గిన్నెలో పరిచి తొందరగా ఆర్చి, గంట లోపు కాచి చల్లార్చిన నీళ్లు పోసి, గరిటెతోనే తీసుకోవాలి. పొద్దున్నే తినేయాలి, వేసవిలో మధ్యాహ్నం దాటనివ్వొద్దు.

ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకొకటి, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు సగం, చెంచాడు తల్లిపాలలోనో నీళ్లలోనో కరిగించి 14 రోజులు. మూడో రోజుకే బేధులు ఆగుతాయి, మిగతా బిళ్లలు అటక మీదికి పోతాయి. ఆ 14 రోజులూ పేగు గోడను బాగుచేసుకోవడానికి, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండా ఉండడానికి. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్‌తో పాటే ఉచితంగా దొరుకుతాయి.

ఒంట్లో నీరు తగ్గిందేమో చూడడానికి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే సరే. రెండు సెకన్లు దాటి మడతగానే ఉండిపోతే, కళ్లు లోపలికి పోతే, ఆరు గంటలుగా ఒంటేలు లేకపోతే, పిల్ల మత్తుగా ఉండి తాగలేకపోతే, మలంలో నెత్తురు కనపడితే 108కి ఫోన్ చేయండి. కొండ ఊళ్ల నుంచి ఆసుపత్రికి గంట, రెండు గంటలు పడుతుంది. మెలకువగా ఉండి మింగగలిగితే, బండి ఎక్కాక కూడా ఒళ్లో కాస్త ఎత్తుగా కూచోబెట్టుకుని చెంచాతో పోస్తూనే వెళ్లండి.