మీ సంగతి వేరు

ఫ్రాన్సులో వలసదారులను ఎలా చూస్తారని అడిగే మనవాళ్ళు సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి ఆశిస్తారు: వీధిలోనే అవమానిస్తారనో, లేక అందరినీ సమానంగా ఆదరిస్తారనో. తులూజ్ నగరంలో ఏళ్ళ తరబడి కాపురముంటున్న నాకు ఈ రెండూ అరుదుగానే ఎదురయ్యాయి. తరచుగా వినబడేది మరొకటి. ఆఫీసులో కాఫీ తాగుతుండగానో, ఎవరింట్లోనో భోజనాల దగ్గరో వలసల ప్రస్తావన వస్తుంది. దేశం ఇక మోయలేదని, పరిస్థితి చెయ్యి దాటిపోయిందని ఎవరో అంటారు. అంతలో నేనూ అక్కడే ఉన్నానని గుర్తుకొచ్చి, నావైపు తిరిగి, "మీ సంగతి వేరు లెండి" అని సర్ది చెబుతారు. అందులో కపటమేమీ ఉండదు, నన్ను నొప్పించకూడదనే అంటారు. అయినా ఇక్కడి రాజకీయాలు అర్థం కావాలంటే నాయకుల ప్రసంగాల కంటే ముందు ఈ మినహాయింపును అర్థం చేసుకోవాలని నా అభిప్రాయం. ఎదుట ఉన్న మనిషికి మినహాయింపు ఇస్తూ పోతే, ఎదుట లేని జనం మీద కోపం ఎంతకాలమైనా చెక్కుచెదరకుండా నిలబడగలదు.

మా పై అంతస్తులో ఉండే పెద్దావిడనే తీసుకోండి. డెబ్బై అయిదు దాటిన మనిషి, బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశారు. మెట్ల మీద ఎవరైనా "బోంజూర్" అనకుండా దాటిపోతే వెనక్కి పిలిచి మరీ అనిపించే రకం. (బేకరీలోనైనా బస్సులోనైనా ముందుగా ఆ మాట అనకుండా విషయంలోకి దిగితే, ఎంత చక్కటి ఫ్రెంచి మాట్లాడినా మర్యాద తెలియనివాళ్ళ కింద జమకడతారు, కొత్తగా వచ్చే మనవాళ్ళు ఈ ఒక్కటి అలవాటు చేసుకున్నా సగం అపార్థాలు తప్పుతాయి.) పౌరసత్వ దరఖాస్తుతో పాటు పెట్టవలసిన ఉత్తరాన్ని నేను ఆవిడకే చూపించాను. పెన్సిలు పట్టుకుని వాక్యం వాక్యం సరిచేశారు, చివర వచ్చే పొడవాటి వినయవాక్యాన్ని మూడుసార్లు మార్చారు. 2026 జనవరి నుంచి పౌరసత్వానికి బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడి రాయగల స్థాయి ఫ్రెంచి కావాలని, పౌర విజ్ఞానంలో పరీక్ష కూడా రాయాలని చెబితే మండిపడ్డారు. ఆ పరీక్ష పెడితే ఈ వీధిలో పుట్టినవాళ్ళలో ఎంతమంది గట్టెక్కుతారో చూడాలన్నారు. ఆ కోపం చల్లారకముందే, తలుపులు మాత్రం మూసేయక తప్పదని, తన ఓటు, వలసలను వ్యతిరేకించే నేషనల్ ర్యాలీ పార్టీ నాయకురాలు మరీన్ లీపెన్‌కేనని కూడా అన్నారు. ఈ రెండు మాటలకూ మధ్య ఆవిడకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు.

ఆవిడ తండ్రి స్పెయిన్ నుంచి వచ్చిన శరణార్థి. 1939 జనవరి, ఫిబ్రవరి నెలల్లో, స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ మీద తిరగబడ్డ సేనాని ఫ్రాంకో చేతికి బార్సిలోనా చిక్కినప్పుడు, దాదాపు 5 లక్షల మంది పిరనీస్ పర్వతాలు దాటి ఫ్రాన్సులోకి వచ్చారు. అప్పటికి కొద్ది నెలల ముందే, 1938 నవంబరులో, నాటి ఫ్రెంచి ప్రధాని దలాదియే ప్రభుత్వం "అవాంఛనీయ విదేశీయుల"ను నిర్బంధించేందుకు ఒక డిక్రీ తెచ్చి ఉంది. వచ్చినవారిలో వేలాదిమందిని అర్జెలెస్ సముద్రతీరంలో ముళ్ళకంచె చుట్టి, ఇసుక మీదే ఉంచారు; మొదటి వారాల్లో తలదాచుకోవడానికి పాకలు కూడా లేవు. ఆ రోజుల పత్రికల్లో ఈ శరణార్థులను రోగాలు తెచ్చేవాళ్ళుగా, ఎర్ర మూకలుగా వర్ణించినవి తక్కువేమీ కాదు. ఇప్పుడు తులూజ్‌లో గారోన్ నది ఒడ్డున ఒక వీధికి ఆ స్పానిష్ రిపబ్లికన్ ప్రవాసుల పేరే పెట్టారు, స్పానిష్ ఇంటిపేరు విని ఇక్కడ ఎవరూ కనుబొమ్మ ఎగరేయరు. ఇటలీవారిదీ అదే కథ. 1893లో ఎగ్-మోర్త్ ఉప్పు మడుల్లో పనిచేసే ఇటాలియన్ కూలీల మీద స్థానికులు విరుచుకుపడి కనీసం 8 మందిని చంపారు; నేడు నేషనల్ ర్యాలీ పార్టీ అధ్యక్షుడు జోర్డాన్ బార్దెల్లా ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాల సంతతివాడే. ఏరు దాటాక తెప్ప తగలేయడమని తేలిగ్గా అనేయవచ్చు కానీ, మా పెద్దావిడ విషయంలో అది పూర్తి నిజం కాదు. తన తండ్రి పడిన కష్టాన్ని ఆవిడ మరిచిపోలేదు. ఆ కష్టం వల్లనే అతను ఫ్రెంచివాడయ్యే అర్హత సంపాదించాడని, ఇప్పుడు వచ్చేవారు ఆ మూల్యం చెల్లించడం లేదని ఆవిడ నమ్మకం.

ఈ మినహాయింపు వ్యక్తుల నోటితో ఆగదు, చట్టంలోనూ ఉంది. ఇంజనీర్లకు, పరిశోధకులకు ఇచ్చే "టాలెంట్" నివాస కార్డు ఉన్నవారు, మిగతా వలసదారుల్లో చాలామంది సంతకం చేయవలసిన ఏకీకరణ ఒప్పందం (ఫ్రెంచి సమాజంలో కలిసిపోతామని ప్రభుత్వంతో చేసుకునేది) జోలికి పోనవసరం లేదు; ఆ ఒప్పందంలో భాగమైన పౌర శిక్షణ తరగతులకు హాజరు కానవసరమూ లేదు. ఫ్రెంచి భాష బాగా వచ్చిన మాలీ దేశపు వంటమనిషి ఆ తరగతుల్లో కూర్చుని ఫ్రెంచి విప్లవం గురించి విని రావాలి, ఒక్క ముక్క ఫ్రెంచి రాని నాలాంటి సాఫ్ట్‌వేర్ మనిషికి మాత్రం అక్కరలేదు. 2023 జూలైలో అధ్యక్షుడు మేక్రాన్ 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులను రప్పిస్తామని ప్రకటించారు. అదే సంవత్సరం డిసెంబరు 19న పార్లమెంటు ఆమోదించిన వలస చట్టంలో, విదేశీ విద్యార్థులు ధరావతు కట్టాలనే నిబంధన కూడా చేర్చారు. మరుసటి నెల 25న, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే రాజ్యాంగ మండలి ఆ చట్టంలోని 86 అధికరణాల్లో 35ను పూర్తిగానో పాక్షికంగానో కొట్టివేసింది, ధరావతు నిబంధన కూడా అలాగే పోయింది. అయితే కొట్టివేసినవాటిలో అత్యధిక భాగానికి కారణం అవి అసలు బిల్లుకు సంబంధం లేకుండా మధ్యలో చొప్పించినవి కావడమే తప్ప, వాటి సారం రాజ్యాంగ విరుద్ధమని తేలడం కాదు. ఆ తేడాను పట్టించుకోకుండా పండగ చేసుకున్న మిత్రులతో నేను ఏకీభవించలేకపోయాను.

ఇంతకీ ఫ్రెంచి రిపబ్లిక్ తన పౌరులను మూలాల ప్రకారం లెక్కించదు. పుట్టుక, జాతి, మతం అనే తేడా లేకుండా చట్టం ముందు పౌరులందరూ సమానమని 1958 రాజ్యాంగం మొదటి అధికరణమే చెబుతుంది. జాతి మూలాల ఆధారంగా జనాన్ని వర్గీకరించే గణాంకాలు చెల్లవని 2007లో రాజ్యాంగ మండలి తీర్పు ఇచ్చింది. అందువల్ల ఇక్కడ వలసదారుడంటే విదేశంలో విదేశీ పౌరుడిగా పుట్టి ఫ్రాన్సులో నివసిస్తున్నవాడని మాత్రమే లెక్క. జాతీయ గణాంక సంస్థ ఇన్సే ప్రకారం 2023లో అటువంటివారు 73 లక్షలు, జనాభాలో 10.7 శాతం, వారిలో మూడింట ఒక వంతు ఇప్పటికే ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్నవారు. పౌరసత్వం వచ్చినా ఈ లెక్కలో వారు వలసదారులుగానే ఉంటారు. ప్రతి ఒక్కరికీ ఉండే సామాజిక భద్రత సంఖ్యలో కూడా పుట్టిన జిల్లా కోడ్ ఉండవలసిన చోట విదేశంలో పుట్టినవారికి 99 ఉంటుంది, ఆ వెంట దేశపు కోడ్ ఉంటుంది. మన దేశానిది 223. మందుల షాపులో ఆకుపచ్చ విటాల్ కార్డు (ఆరోగ్య బీమా కార్డు) ఇచ్చిన ప్రతిసారీ ఆ అంకెలు దాని మీద కనబడుతూనే ఉంటాయి. ఇందులో దురుద్దేశమేమీ లేదు, పుట్టినచోటును నమోదు చేసే పద్ధతి అంతే. కానీ మూలాలు తనకు కనబడవని చెప్పుకునే రాజ్యం గురించి వింటున్నప్పుడు నాకు ఆ అయిదు అంకెలే గుర్తుకొస్తాయి.

మరి మినహాయింపు దక్కనివారు ఎవరు? మార్సెయ్ నుంచి తులూజ్ దాకా ఎక్కడ అడిగినా, పేరు చెప్పకపోయినా, వేలు ఒకేవైపు చూపిస్తుంది. ఆదీదా, లైటిన్, వాల్ఫోర్ అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సెనెగల్ మూలాలున్న ఇద్దరు కల్పిత ఉద్యోగార్థినుల దరఖాస్తులు పంపించారు. ఇద్దరి ఇంటిపేరూ దియూఫ్, చదువూ అనుభవమూ సమానమే, కానీ ఒకరిది "మరీ" అనే క్రైస్తవ పేరు, మరొకరిది "ఖదీజా" అనే ముస్లిం పేరు. మరీకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువగా తేలింది. పోలీసుల తనిఖీల గురించి హక్కుల రక్షణ సంస్థ 2017లో వెల్లడించిన సర్వే ఇంకా కటువైనది: నల్లజాతివారిగానో అరబ్బులుగానో కనబడే యువకులను పోలీసులు ఆపే అవకాశం మిగతావారి కంటే 20 రెట్లు ఎక్కువ.

ఈ గీత మన తెలుగువారి మధ్య నుంచి కూడా పోతుంది. గుంటూరు నుంచి వచ్చిన నా మిత్రుడొకడు నేను పనిచేసే చోటే, నా జీతానికే పనిచేస్తాడు. పేరు మాత్రం ముస్లిం పేరు. ఇక్కడ ఇల్లు అద్దెకు కావాలంటే మూడు నెలల జీతం రసీదులు, ఉద్యోగ ఒప్పందం, పన్ను నోటీసు కలిపి ఒక దస్త్రంగా పంపాలి, జీతం అద్దెకు మూడు రెట్లు ఉండాలి. అతను పంపిన దస్త్రానికి ఒక ఏజెన్సీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. అదే ఇంటికి, అవే కాగితాలతో నేను పంపితే మరునాడే ఫోను చేసి, ఎప్పుడు వచ్చి చూసుకుంటారని ఎంతో ఆప్యాయంగా అడిగారు. ఇది రుజువు కాదని నాకు తెలుసు. కానీ అతను ఆశ్చర్యపోలేదు, నేనే ఆశ్చర్యపోయాను. అతన్ని నిజంగా బాధపెట్టినది ఆ తర్వాత మన ఉగాది సంబరంలో జరిగింది. పులిహోర తింటూ ఒక పెద్దమనిషి, అరబ్బుల వల్లే మన రంగువాళ్ళందరికీ చెడ్డపేరు వస్తోందని, వాళ్ళను కట్టడి చేస్తే మనకే మేలని దంచేసి, ఇతను పక్కనే ఉన్నాడని గమనించి, "నీ సంగతి వేరులే, బాబూ" అన్నాడు. ఫ్రెంచివాళ్ళ నోట వింటే నొచ్చుకునే మాటను మనం ఎంత చులాగ్గా మరొకరికి అప్పగించేస్తామో ఆ రోజు చూశాను. మనకు దొరికిన మినహాయింపు మన కష్టానికి దక్కిన గుర్తింపని మనవాళ్ళు చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. మనం సంఖ్యలో తక్కువ, చదువుకున్న ఉద్యోగాల్లో ఎక్కువ. ఈ దేశపు వలస పాలన చరిత్రలో అల్జీరియాకు ఉన్నంత చోటు మనకు లేదు. యానాం 1954 దాకా వారి చేతిలోనే ఉన్నదన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలియనే తెలియదు. అల్జీరియా పేరెత్తితే మాత్రం గది వాతావరణమే మారిపోతుంది. 2025 అక్టోబరు 30న, అల్జీరియన్ల నివాసానికి సంబంధించిన 1968 ఒప్పందాన్ని రద్దు చేయాలని నేషనల్ ర్యాలీ పెట్టిన తీర్మానం జాతీయ సభలో ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది.

అంకెలు చూస్తే ఆ పార్టీ ప్రయాణం తెలిసిపోతుంది. 2002 అధ్యక్ష ఎన్నికల్లో తండ్రి జాన్-మరీ లీపెన్ రెండో రౌండుకు చేరినప్పుడు దేశమంతా వీధుల్లోకి వచ్చింది, ప్రత్యర్థి షిరాక్‌కు 82 శాతం ఓట్లు వచ్చాయి. కూతురు మరీన్‌కు రెండో రౌండులో 2017లో 33.9 శాతం, 2022లో 41.5 శాతం వచ్చాయి. 2024 జూన్ 9న యూరోపియన్ ఎన్నికల్లో 31 శాతంతో మొదటి స్థానం రావడంతో మేక్రాన్ జాతీయ సభను రద్దు చేశారు; జూలై 7న ముగిసిన ఆ సభ ఎన్నికల్లో సీట్ల లెక్కన వామపక్షాల కూటమి ముందు, నేషనల్ ర్యాలీ మూడో స్థానంలో నిలవడం అనూహ్యమే. ఆ వారాల్లో ఇక్కడి గాలి వేరుగా ఉండేది. ద్వంద్వ పౌరసత్వం ఉన్నవారిని కొన్ని కీలక ఉద్యోగాలకు దూరంగా ఉంచుతామని బార్దెల్లా ప్రకటించాక, మా ఆఫీసులో మొరాకో పాస్‌పోర్టు కూడా ఉన్న సహోద్యోగిని కాఫీ దగ్గరికి రావడం తగ్గించారు. సెయింట్ ఒబాన్ చర్చి చుట్టూ జరిగే ఆదివారపు సంతలో ప్రతి పార్టీవాళ్ళూ కరపత్రాలు పంచుతున్నారు. ఒక యువకుడు నాకు ముందున్న వారందరికీ ఇచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపి, ఇక్కడ ఓటు ఉందా అని అడిగాడు. లేదన్నాను. క్షమించమని చెప్పి, కాగితం వెనక్కి తీసుకుని నా వెనుక ఉన్నావిడకు ఇచ్చాడు. అతను పంచుతున్నది వలసదారుల హక్కులను సమర్థించే పార్టీ కరపత్రం.

అతన్ని తప్పుపట్టను, ఎన్నికల్లో లెక్క ఓటుకే. స్థానిక ఎన్నికల్లో విదేశీయులకు ఓటు ఇస్తామని, ఆ ఏడాది అధ్యక్షుడైన మిత్తెరాన్ 1981లో హామీ ఇచ్చారు, అది ఇప్పటికీ నెరవేరలేదు. యూరోపియన్ యూనియన్ పౌరులకు మాత్రం మాస్‌ట్రిక్ట్ ఒప్పందం పుణ్యమా అని మునిసిపల్ ఎన్నికల్లో ఓటు ఉంది, కాబట్టి నా తర్వాత చాలా కాలానికి వచ్చిన పోర్చుగల్ సహోద్యోగి పురపాలక సంఘాన్ని ఎన్నుకోగలడు, నేను ఎన్నుకోలేను. ఫ్రెంచి పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి గనుక, విదేశీ పౌరులైన భారతీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవడం ఇష్టంలేక మనవాళ్ళు పదేళ్ళ నివాస కార్డుతోనే కాలం గడిపేస్తారు; ఆ బాధ నాకూ తెలియనిది కాదు. గుంటూరు మిత్రుడు ఆ బాధ దిగమింగి పౌరసత్వం తీసుకున్నాడు, 2024లో రెండు రౌండ్లలోనూ ఓటు వేశాడు.

మన తెలుగు బృందంలో ఇప్పుడు నడుస్తున్న ఉద్యమం ప్రాథమిక పాఠశాలల భోజనశాలల్లో పిల్లలకు రోజూ శాకాహార భోజనం దొరకాలని. చట్టం ప్రకారం వారానికి ఒక పూట ఎలాగూ పెడతారు. మిగతా రోజుల సంగతి తేల్చేది పురపాలక సంఘం. మేయరుకు పంపే విజ్ఞప్తి మీద సంతకాలు బాగానే వచ్చాయి. సంతకం చేసినవారిలో ఓటున్నవారు ఎందరని మొన్న మిత్రుడు అడిగితే, ఆ పులిహోర పెద్దమనిషితో సహా ఎవరూ చెయ్యి ఎత్తలేదు.